ఉత్తేజక బిళ్లలు: పల్లెలలోని తల్లిదండ్రులు తెలిసికొనవలసిన సంగతులు

కడప జిల్లాలో పులివెందుల చేరువనున్న వేముల మండలము ముగ్గురాయి గనులకును, అరటి, చీనీ తోటలకును పేరుపొందినది. తుమ్మలపల్లె యురేనియము గని కూడ ఈ మండలములోనిదే. పూర్వము ఈ గ్రామముల పిల్లలు పెద్దవారైన పిమ్మట తోటపనికో గనిపనికో పోవుట పరిపాటిగా ఉండెడిది. నేడు పులివెందులలో ఇంజనీరింగు కళాశాల కలదు. ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటి కలదు. అచ్చట చదువు ముగించినవారును, ఇంకను పై చదువులకు పోవువారును బెంగుళూరు, హైదరాబాదు, చెన్నపట్టణములకు చేరుచున్నారు. చీనీ కాయలమ్మిన సొమ్ముతో బిడ్డను పట్టణమునకు పంపిన తండ్రి, రాత్రి ఫోను చేసి "అన్నము తింటివా నాయనా" అని అడిగి తృప్తిపడుచున్నాడు. ఆ బిడ్డ చుట్టునున్న లోకమును గూర్చి ఆ తండ్రికి తెలిసినది చాల తక్కువ.

ఆ లోకములో శనివారపు రాత్రి విందులయందును, పాటకచ్చేరీలయందును చేతులు మారుచున్న ఒక బిళ్లను గూర్చి ఈ వ్యాసములో వివరింపదలచితిమి. దాని పేరు ఎక్స్టసీ. శాస్త్రజ్ఞులు దానిని ఎం.డి.ఎం.ఏ. అందురు, పొడి రూపమున నున్నదానిని మోలీ అనియు పిలుచుట కలదు. ఇది మన ఊరి అంగడిలో దొరకునది కాదు. కాని మన ఊరి బిడ్డలు నివసించు చోట దొరకుచున్నది. కావున దీనిని గూర్చి తెలిసికొనుట పట్టణవాసులకెంత అవసరమో పల్లెవారికిని అంతే అవసరము.

ఈ బిళ్ల యెక్కడిది?

సారాయి, గంజాయి, నల్లమందు మన పెద్దలెరిగిన పదార్థములు. వాటికి చెట్టో, పూవో, పులిసిన రసమో మూలము. ఎం.డి.ఎం.ఏ. అట్టిది కాదు. ఇది పూర్తిగా రసాయనశాలలో పుట్టినది. 1912వ సంవత్సరమున జర్మనీ దేశములోని మెర్క్ అను మందుల కంపెనీ, రక్తస్రావమును అరికట్టు మందులను తయారు చేయు ప్రయత్నములో దీనిని మధ్యలో ఏర్పడు పదార్థముగా కనిపెట్టినది. తరువాత చాలకాలము దీనిని ఎవరును పట్టించుకొనలేదు. 1970 తరువాత అమెరికాలో కొందరు మనోవైద్యులు దీనిని వాడి చూచిరి. అటుపిమ్మట ఇది నృత్యశాలలకు ప్రాకినది. 1985లో అమెరికా ప్రభుత్వము దీనిని నిషేధించినది. 1986లో ఐక్యరాజ్యసమితి దీనిని కఠిన నియంత్రణ గల పదార్థముల పట్టికలో చేర్చినది. మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము దీనికి వర్తించును. ఐక్యరాజ్యసమితి అంచనా ననుసరించి ప్రపంచములో ఏటేట సుమారు 2 కోట్లమంది దీనిని వాడుచున్నారు.

దేహములో జరుగు పని

మత్తుపదార్థమనగానే తూలుచు నడచువాడు, నోట వాసన గలవాడు మన కండ్లకు గోచరించును. ఈ బిళ్ల తిన్నవాడు తూలడు. నోట వాసన రాదు. పైగా చురుకుగా, ప్రేమగా, అలుపు లేకుండ కనిపించును. అందుచేతనే దీనిని మత్తుపదార్థ మనుటకన్న ఉత్తేజకమనుట సరియైన మాట.

మన మెదడులో సంతోషమునకును, నిద్రకును, ఆకలికిని, దేహపు వేడిమికిని సంబంధించిన ఒక ద్రవ్యము కలదు. దానిని సెరటోనిన్ అందురు. చెరువులోని నీటిని తూము ద్వారా కొలతగా వదలినట్లు, మెదడు దానిని కొలతగా వదలుచుండును. ఈ బిళ్ల చేయు పని తూము తలుపు నొక్కసారిగా పైకెత్తివేయుటయే. బిళ్ల మ్రింగిన సుమారు ముప్పాతిక గంటకు మనస్సు ఉప్పొంగును. ముక్కుమొగ మెరుగనివారుకూడ ఆత్మబంధువులవలె తోచుదురు. ఈ స్థితి మూడు మొదలు ఆరు గంటల వరకు ఉండును. ఆ తరువాత చెరువులో మిగులునది బురద. ఒకటి రెండు దినములు గడచునప్పటికి దిగులు, చిరాకు, నిద్రలేమి, దేనియందును మనస్సు నిలువకుండుట సంభవించును. బిళ్ల సంతోషమును కొత్తగా తెచ్చి ఇచ్చుట లేదు. రాబోవు దినముల కొరకు దేహము దాచుకొన్నదానిని ఒక్క రాత్రిలో ఖర్చు చేయించుచున్నది. చెరువు మరల నిండుటకు ముందే తూము ఎత్తినచో వచ్చు నీరు తక్కువ, మిగులు బురద ఎక్కువ. తరచుగా వాడువారికి జ్ఞాపకశక్తి తగ్గుచున్నదని పలు పరిశోధనలు తెలుపుచున్నవి.

రాత్రిపూట వడదెబ్బ

ఈ బిళ్ల వలన ప్రాణాపాయము కలుగుటకు ముఖ్యకారణము వేడిమి. కడప జిల్లావారికి వడదెబ్బను గూర్చి ఒకరు చెప్పనక్కరలేదు. వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నము చేనిలో పనిచేయు మనిషికి చెమట ఆగిపోయి, ఒళ్లు కాలిపోయి, మాట తడబడి, స్పృహ తప్పుట మన మెరిగినదే. ఈ బిళ్ల తిన్నవానికి అదియే సంభవించును. కాని ఎండలో కాదు, రాత్రివేళ, దీపముల వెలుగులో. బిళ్ల దేహములోని వేడిని పెంచును. గుండెవేగమును, రక్తపుపోటును హెచ్చించును. అలసటను, దప్పికను తెలియనీయదు. మూసిన గదిలో వందలమంది నడుమ గంటల తరబడి ఎగురుచున్నవాని దేహపు వేడి ఒక్కొక్కప్పుడు 40, 41 డిగ్రీలను దాటిపోవును. అప్పుడు కండరములు కరగి ఆ వ్యర్థము మూత్రపిండములను మూసివేయును. కాలేయము చెడును. రక్తము గడ్డకట్టు శక్తిని కోల్పోవును. మూర్ఛలు వచ్చును. వైద్యము ఆలస్యమైనచో మరణము సంభవించును.

అట్లని బిళ్ల తిన్నవారందరు చనిపోవుదురని మేము చెప్పుటలేదు. అట్లు చెప్పినచో పిల్లలు మన మాటను నమ్మరు. తిని మరునాడు తరగతికి వచ్చినవారిని వారు చూచియే యుందురు. చాలమందికి ఏమియు కాకపోవచ్చును. ఎవరికి ఎప్పుడు అగునో ముందుగా తెలిసికొను మార్గము లేకపోవుటయే దీనిలోని ప్రమాదము. పుట్టుకతో గుండెలో లోపమున్నవారికి, అది తమకే తెలియనివారికి, మొదటి బిళ్లయే చివరిది కావచ్చును. మానసిక వ్యాకులతకు మందులు వాడుచున్నవారికి ఆ మందులతో కొన్ని రకములు ఈ బిళ్లతో కలసి మిక్కిలి అపాయమును తెచ్చును. సారాయితో కలిపినచో దేహములోని నీరు మరింత తరిగిపోవును.

వేడిమికి విరుగుడు నీరే కదా, కడుపునిండ త్రాగిన చాలునని కొందరు తలతురు. ఇచట ఒక చిక్కు కలదు. ఈ బిళ్ల మూత్రము వెలువడకుండ నిలిపివేయును. త్రాగిన నీరు బయటికి పోక, రక్తములోని ఉప్పును పలుచబరచి, మెదడు వాచునట్లు చేయును. 1995లో ఇంగ్లండు దేశమున పదునెనిమిదేండ్ల యువతి యొకతె తన పుట్టినరోజు వేడుకలో బిళ్ల తిని, భయముతో కొద్దిసేపటిలోనే లీటర్లకొద్ది నీరు త్రాగి, మెదడు వాచి మరణించినది. ఆడపిల్లలలో ఈ ప్రమాదము అధికమని వైద్యులు తెలుపుచున్నారు.

బిళ్లలో ఏమున్నది?

మన రైతు విత్తనములు కొనునప్పుడు సంచిపై పేరు చూచును, రసీదు అడుగును. నకిలీ విత్తనమైనచో రసీదు తీసికొని వ్యవసాయాధికారి వద్దకు పోవును. ఈ బిళ్లకు పేరు లేదు, రసీదు లేదు, అడుగుటకు అధికారి లేడు. రంగురంగుల బిళ్లపై ఏదో గుర్తు ముద్రించి యుండును. ఒకే రంగు, ఒకే గుర్తు గల రెండు బిళ్లలలో ఒకదానికన్న మరియొకదానిలో రెండు మూడు రెట్లు మందు ఉండవచ్చును. కొన్నింటిలో ఎం.డి.ఎం.ఏ. బొత్తిగా లేక పి.ఎం.ఏ. అను వేరొక విషపదార్థము ఉండును. దాని ప్రభావము మెల్లగా కనిపించును. కావున "మొదటి బిళ్ల పనిచేయలేదు" అని తలచి రెండవ బిళ్ల మ్రింగినవారు ప్రాణములు కోల్పోయిన సంఘటనలు పలుదేశములలో జరిగినవి. అమ్మువానికి కూడ లోపల ఏమున్నదో తెలియదు. స్నేహితుడిచ్చినంత మాత్రమున బిళ్ల స్నేహితుడు కాజాలదు.

దీని బంధువర్గము

ఉత్తేజకములలో ఎం.డి.ఎం.ఏ. ఒకటి మాత్రమే. ఈ కుటుంబములో అన్నిటికన్న మొదట పుట్టినది ఆంఫెటమిన్. 1887లో బెర్లినులో తయారైనది. దానికన్న బలమైన మెథాంఫెటమినును 1893లో జపాను శాస్త్రజ్ఞుడు నాగై కనిపెట్టెను. రెండవ ప్రపంచయుద్ధములో సైనికులు, కర్మాగారముల కార్మికులు నిద్రపోకుండ పనిచేయుటకై జపానులో దీనిని వాడిరి. యుద్ధము ముగిసిన పిమ్మట మిగిలిన నిల్వలు బజారుకు చేరగా, ఎందరో దానికి బానిసలైరి. చివరకు 1951లో ఆ దేశము ప్రత్యేక చట్టము చేయవలసి వచ్చినది. పనికొరకు నిద్రను చంపుకొనుట లాభమువలె కనిపించి ఎట్లు నష్టముగా పరిణమించునో తెలిసికొనుటకు ఇంతకన్న దృష్టాంతము వలదు. నేడు ఐస్, క్రిస్టల్ అను పేర్లతో అమ్ముడగుచున్నది ఈ మెథాంఫెటమినే. ఇది ఎం.డి.ఎం.ఏ. కన్న త్వరగా మనిషిని బానిసగా చేయును. వాడువారు దినముల తరబడి నిద్రపోరు, బక్కచిక్కుదురు, పండ్లు పుచ్చిపోవును, ఎవరో తమను వెంటాడుచున్నారని లేని శత్రువులను ఊహించుకొందురు.

ఎం.డి. అని గాని, మ్యావ్ మ్యావ్ అని గాని పిలువబడు మెఫెడ్రోన్ ఈ జాతిలోనిదే. పేరులోని పోలికచే దీనిని ఎం.డి.ఎం.ఏ. యని భ్రమించి కొనువారు కలరు. ఇది 2015లో మన దేశపు చట్టపు పట్టికలో చేర్చబడినది.

మరియొక దానిని గూర్చియు చెప్పవలసియున్నది. శస్త్రచికిత్స సమయమున పడిపోయిన రక్తపుపోటును నిలబెట్టుటకు వైద్యులు వాడు మెఫెంటెర్మైన్ అను సూదిమందు కలదు. కండలు పెంచవలెనను కోరికతో వ్యాయామశాలలకు పోవు యువకులకు దీనిని రహస్యముగా అమ్ముచుండగా హైదరాబాదులో అధికారులు పలుమారులు పట్టుకొనిరి. వైద్యుని చీటీ లేక ఈ సూది వేసికొనుట గుండెకు చేటు.

మన రాష్ట్రములలో పరిస్థితి

కేంద్రప్రభుత్వము ఎయిమ్స్ సంస్థచే జరిపించి 2019లో ప్రకటించిన సర్వే ననుసరించి, దేశములో 10 మొదలు 75 ఏండ్ల వయస్సు గలవారిలో ఆంఫెటమిన్ జాతి ఉత్తేజకములను వాడువారు నూటికి 0.18 మంది మాత్రమే. అనగా వేయిమందిలో ఇద్దరికన్న తక్కువ. సారాయితో పోల్చినచో ఇది స్వల్పము. అయినను నిర్లక్ష్యము చేయదగినది కాదు. 2017 జూలైలో తెలంగాణ ఆబ్కారీశాఖవారు హైదరాబాదులో ఎల్.ఎస్.డి., ఎం.డి.ఎం.ఏ. విక్రయించువారిని పట్టుకొని విచారింపగా, కొనినవారిలో పాఠశాల విద్యార్థులు కూడ కలరని వెల్లడి చేసిరి. పత్రికలు ఎక్కువగా సినిమావారిని గూర్చి వ్రాసినవి. బడిపిల్లల మాట మరుగున పడినది. తల్లిదండ్రులు గుర్తుంచుకొనవలసినది ఆ మరుగున పడిన మాటనే.

ఈ సరకులో కొంత విదేశములనుండి చిన్న పొట్లముల రూపమున తపాలాలో వచ్చుచున్నది. కొంత మన దేశమందే దొంగతనముగా తయారగుచున్నది. దీనిని అరికట్టుటకు తెలంగాణలో 2023లో మాదకద్రవ్య నిరోధక బ్యూరో ఏర్పడినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024 నవంబరులో ఈగల్ అను ప్రత్యేక పోలీసు విభాగమును నెలకొల్పి, 1972 అను ఉచిత ఫోను నంబరును ప్రజలకు అందుబాటులో ఉంచినది. పాఠశాలలలోను, కళాశాలలలోను ఈగల్ క్లబ్బులు ఏర్పడుచున్నవి.

"వైద్యులే దీనిని మందుగా ఇచ్చుచున్నారట కదా" అని చదువుకొన్న పిల్లలు వాదించుట కలదు. ఇందు కొంత నిజము లేకపోలేదు. ఘోరసంఘటనల వలన మనస్సు దెబ్బతిన్న రోగులకు, అనుమతి పొందిన మనోవైద్యులు దీనిని ఇచ్చుటకు ఆస్ట్రేలియా 2023 జూలై 1 నుండి అంగీకరించినది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఆగస్టులో అట్టి అనుమతిని నిరాకరించినది. వైద్యుడు గుండెను పరీక్షించి, శుద్ధమైన మందును తూచి ఇచ్చి, గంటల తరబడి ప్రక్కన కూర్చుండుట వేరు. చీకటిలో ఎవరో ఇచ్చిన బిళ్లను మ్రింగుట వేరు. పాముకాటుకు వాడు మందును పాము విషముతోనే తయారు చేయుదురు. అంతమాత్రమున పామును ఎవరును చేతబట్టుకొనరు కదా!

గుర్తులు

కంటిపాప పెద్దదగుట, దవడలు బిగబట్టి పండ్లు కొరుకుట, చలిలోకూడ చెమట పట్టుట, రాత్రంతయు నిద్ర లేకుండుట, ఆ వెనుక రెండు మూడు దినములు ముభావముగా ఉండుట, కారణము చెప్పక మాటిమాటికి సొమ్ము అడుగుట — ఇవి గమనింపదగిన లక్షణములు. అయితే పరీక్షల దిగులు వలనను, జబ్బు వలనను ఇట్టి లక్షణములు కొన్ని కలుగవచ్చును. ఒక్క గుర్తు చూచి బిడ్డపై నింద మోపరాదు. తిట్టినచో వాడు మరుసటిసారి ఫోను తీయడు. "ఏమి నాయనా, ఒంట్లో బాగుండలేదా? ఏమైనను నాతో చెప్పుము, నేను కోపపడను" అని అడుగవలెను, అడిగిన పిమ్మట నిజముగా కోపపడకుండుట అంతకన్న ముఖ్యము.

ఆపద సంభవించినచో

ఈ క్రింది విషయములను పిల్లలకు ముందే చెప్పియుంచుట మంచిది. తాము తినకపోయినను, ప్రక్కనున్న స్నేహితుని ప్రాణము కాపాడుటకు ఇవి పనికివచ్చును.

1. ఒళ్లు కాలిపోవుచు, మాట తడబడుచు, ఎక్కడున్నదియు తెలియక యున్నచో వెంటనే 108కి ఫోను చేయవలెను. "కొంతసేపటికి తగ్గును" అని వేచియుండరాదు.

2. మనిషిని గాలివచ్చు చల్లని చోటికి చేర్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్లు తుడుచుచు విసరవలెను. మంచుగడ్డలు దొరికినచో గుడ్డలో చుట్టి చంకలలోను, మెడ ప్రక్కనను ఉంచవలెను. జ్వరపు బిళ్లలు ఈ వేడిని తగ్గింపజాలవు, వాటిని ఇయ్యరాదు.

3. స్పృహ ఉన్నచో కొద్దికొద్దిగా నీరు చప్పరింపనీయవచ్చును. చెంబులకొద్ది త్రాగింపరాదు. స్పృహ లేనిచో నోట ఏమియు పోయరాదు. ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టవలెను.

4. మూర్ఛ వచ్చినచో గట్టిగా పట్టి నొక్కరాదు. చేతిలో తాళపుచెవులు పెట్టుట వలన ప్రయోజనము లేదు. తలకు దెబ్బ తగులకుండ చూచిన చాలును. బలవంతముగా వాంతి చేయింపరాదు.

5. ఏమి తినినది, ఎప్పుడు తినినది వైద్యునికి దాచక చెప్పవలెను. బిళ్ల మిగిలియున్నచో చూపవలెను. ఈ విషమునకు ప్రత్యేకమైన విరుగుడు లేదు. దేహమును చల్లబరచి, మూర్ఛను ఆపి, మూత్రపిండములను కాపాడుటయే చికిత్స. నిజము తెలియనిచో వైద్యుడు విలువైన కాలమును కారణము వెదకుటలోనే పోగొట్టుకొనవలసివచ్చును.

చట్టము ఏమి చెప్పుచున్నది?

"ఆసుపత్రికి పోయినచో పోలీసులు పట్టుకొందురు, పరువు పోవును" అను భయముతో స్నేహితులు రోగిని గదిలోనే దాచుట కలదు. ఈ భయము బిళ్లకన్న ఎక్కువ హాని చేయుచున్నది. కావున చట్టమును తెలిసికొనుట అవసరము.

1985 నాటి చట్టము ననుసరించి ఎం.డి.ఎం.ఏ. అర గ్రాము వరకు స్వల్పపరిమాణము. పది గ్రాములు దాటినచో వాణిజ్యపరిమాణము. వాణిజ్యపరిమాణమున పట్టుబడినవారికి పది మొదలు ఇరువది సంవత్సరముల కఠిన శిక్షయు, లక్ష రూపాయలకు తక్కువ కాని జరిమానాయు విధింపబడును. ఇందొక మెలకువ కలదు. తనకొరకు కాక నలుగురు స్నేహితుల కొరకు బిళ్లలు తెప్పించి పంచిపెట్టినవాడు లాభము తీసికొనకున్నను చట్టము దృష్టిలో సరఫరా చేసినవాడే. "ఈ పొట్లము నీ గది చిరునామాకు తెప్పించుకొనుము" అని ఎవరైన కోరినచో ఒప్పుకొనవలదని పిల్లలకు గట్టిగా చెప్పవలెను.

అదే చట్టములో 64-ఏ అను విభాగము కలదు. వాడకమునకు గాని స్వల్పపరిమాణమునకు గాని సంబంధించిన నేరారోపణ గల వ్యసనపరుడు తనంతట తాను ముందుకు వచ్చి ప్రభుత్వము గుర్తించిన వైద్యశాలలో చికిత్స పూర్తిగా చేయించుకొనినచో, ఆ నేరమునకు అతనిపై విచారణ ఉండదు. చికిత్సను మధ్యలో మానినచో ఈ రక్షణ తొలగింపబడవచ్చును. చట్టము అమ్మువానిని శిక్షింపగోరుచున్నది, రోగిని బాగుచేయగోరుచున్నది.

కడపలోని ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసికవైద్య విభాగము కలదు. వ్యసనవిముక్తికి సలహా కావలసినవారు దేశమంతటను 14446 అను ఉచిత నంబరుకు ఫోను చేయవచ్చును. అమ్మకములను గూర్చిన సమాచారమును 1972కు గాని, కేంద్రప్రభుత్వపు 1933కు గాని తెలుపవచ్చును.

మన కర్తవ్యము

పిల్లలను పట్టణములకు పంపుట మానుకొనుడని ఎవరును చెప్పరు. చదువు, ఉద్యోగము అచ్చటనే ఉన్నవి. పంపునప్పుడు పెట్టె, పడక, ఊరగాయ జాడీ సర్దినట్లే ఈ నాలుగు మాటలును సర్ది పంపవలెను. గ్రామపంచాయతీలు, పొదుపు సంఘములు, యువజన సంఘములు తమ సమావేశములలో ఒక గంట కాలము దీనికి కేటాయించి, ఏ.ఎన్.ఎం.ను గాని, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని గాని పిలిపించి మాట్లాడించుట మేలు. సెలవులకు ఊరికి వచ్చిన విద్యార్థులను కూడ ఆ సమావేశములకు ఆహ్వానింపవలెను. ఈ విషయములో వారికి తెలిసినది మనకు తెలియదు, మనకు తెలిసినది వారికి తెలియదు.

వడదెబ్బ తగిలినవానిని చూచి ఊరిలో ఎవరును "ఎండలోనికి ఎందుకు పోయితివి" అని నిలదీయుచు కూర్చుండరు. ముందు నీడకు చేర్చుదురు, ఒళ్లు తడుపుదురు, వైద్యునికొరకు పరుగెత్తుదురు. ప్రశ్నలు తరువాతివి. ఈ బిళ్ల విషయమునను మన పల్లెలు ఆ ధర్మమునే పాటింపవలెను.